బోరుకొచ్చిన బండి: 0.1 మిల్లీమీటరు లెక్క

స్ప్లెండర్ ఇంజను సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ పైనుంచి కిందికి నడిచే దూరం 49.5 మి.మీ. ఆ వ్యాసం ఇచ్చే వైశాల్యాన్ని ఈ దూరంతో గుణిస్తే తేలేదే 97.2 సీసీ. ఆ 50 కాస్తా ఒకచోట 50.1 అయిందంటే చాలు, మెకానిక్ పెదవి విరిచి "బోరుకొచ్చింది" అనేస్తాడు. సైలెన్సరులోంచి నీలిపొగ, తరచూ ఆయిలు పోయించుకోవాల్సి రావడం, వంతెన ఎక్కేటప్పుడు గేరు దించక తప్పకపోవడం, కిక్కు కొడితే కాలికి ఎదురు తగలకపోవడం... ఇన్ని బాధలకూ మూలం తల వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ అరుగుదల, అంతే.

ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. బ్లాకు విప్పి బోరింగ్ షాపుకు పంపుతారు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మండల కేంద్రంలోని చిన్న లేత్ షాపులోనైనా గోడను కొద్దిగా పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేస్తారు. యజమాని చేతికొచ్చేది ఒక బిల్లు, 0.50 అని రాసిన ఖాళీ పిస్టన్ డబ్బా. చాలామంది ఆ అంకె చూసే తృప్తిపడతారు. నా ఉద్దేశంలో ఆ డబ్బా మీది అంకెకున్న విలువ తక్కువే. ఇంజను ఇంకో అరవై వేల కిలోమీటర్లు నడుస్తుందా, ఆరు నెలల్లో మళ్లీ పొగ కక్కుతుందా అన్నది తేల్చేవి ఎవరూ కాగితం మీద రాసివ్వని కొలతలు. వాటిలో ముఖ్యమైనది పిస్టన్‌కీ గోడకీ మధ్య వదలాల్సిన సందు. ఈ బండికి అది దాదాపు 0.03 మి.మీ.

ముందు అరుగుదల ఎక్కడ, ఎందుకు వస్తుందో చూద్దాం. బండి పై గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజను నిమిషానికి సుమారు 5500 చుట్లు తిరుగుతుందనుకోండి. ఒక్క కిలోమీటరు ప్రయాణానికి 6600 చుట్లు. చుట్టుకు పిస్టన్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి నడుస్తుంది, అంటే 99 మి.మీ. మొత్తం 650 మీటర్ల పైచిలుకు. బండి 60 వేల కిలోమీటర్లు తిరిగేసరికి రింగులు గోడను రుద్దుకుంటూ నడిచిన దూరం 39 వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టూ ఒక ప్రదక్షిణకు ఇంకో వెయ్యే తక్కువ. ఇంత రాపిడికి ఇనుము అరిగింది మిల్లీమీటరులో పదో వంతే అంటే ఆ ఘనత నూనె పొరది. కదలిక ఉన్నంతసేపూ రింగు ఆ పొర మీద తేలుతూ జారిపోతుంది.

చిక్కంతా పిస్టన్ ఆగే చోట వస్తుంది. పైకి వెళ్లి వెనుదిరిగే క్షణాన దాని వేగం సున్నా. తేల్చడానికి కదలిక లేదు కనుక నూనె పొర తెగుతుంది. సరిగ్గా అప్పుడే పెట్రోలు మండుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఉంటే పీడనం 50 బార్ల దాకా లేస్తుంది. పిస్టన్ తల వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు కాబట్టి దాని మీద పడే బరువు దగ్గర దగ్గర ఒక టన్ను. ఆ వాయువు పై రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి అదుముతుంది. వేడీ అక్కడే ఎక్కువ. అందుకే ప్రతి సిలిండరూ పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ అరిగి గరాటులా తయారవుతుంది. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉండి పిస్టన్‌ను ఒక పక్కకు తోస్తుంది కనుక ఆ పక్క మరింత అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన బోరు కోలగా మారుతుంది.

దీన్ని కళ్లతో కన్నా గోటితో పట్టుకోవడం తేలిక. హెడ్డు విప్పాక సిలిండరు లోపల బొటనవేలి గోరు ఆనించి కింది నుంచి పై అంచు వైపు లాగండి. అంచుకు కొన్ని మిల్లీమీటర్ల కింద గోరు టక్కున ఒక గట్టుకు తగిలి ఆగుతుంది. పై రింగు అంతవరకే వస్తుంది, దాని పైన ఉన్న గోడను ఏదీ తాకదు. ఆ గట్టు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు సైజు, దాని కింద ఉన్నది అరిగిన సైజు.

ఈ అరుగుదలకు వేగం పెంచేది దుమ్ము. 97 సీసీ ఇంజను 5500 చుట్ల దగ్గర నిండుగా ఊపిరి పీలిస్తే గంటకు 16 వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. మన రోడ్ల దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి సిలిండరు ఇనుము కన్నా గట్టివి. ఫిల్టరు చిరిగినా, ఫిల్టరుకూ కార్బురేటరుకూ మధ్య రబ్బరు బూటు పగిలినా ఇసుక నేరుగా రింగుల మధ్యకు చేరుతుంది. కంకర క్వారీల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర తిరిగే బండ్లు తొందరగా బోరుకు రావడంలో వింతేమీ లేదు. ఫిల్టరు ఖరీదునూ బోరింగు ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

ఆరు కొలతలు

సిలిండరును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ప్రతి చోటా రెండు దిక్కుల్లో: పిస్టన్ పిన్ను వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. మొత్తం ఆరు అంకెలు. సాధనం బోర్ గేజి. ముందు మైక్రోమీటరును 50.00 దగ్గర బిగించి, దాని మధ్య గేజి పెట్టి ముల్లును సున్నాకు తిప్పుతారు. తర్వాత గేజిని సిలిండరులోకి దించి మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. ముల్లు ఒక దిక్కుకు పోయి, ఒకచోట ఆగి, వెనక్కి తిరుగుతుంది. తిరిగే ఆ చోటే నిజమైన కొలత. ఊపకుండా చదివిన అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే గేజి ఏటవాలుగా నిలబడి ఉంటుంది. ముల్లు కదిలే ఒక్కో గీత 0.01 మి.మీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గట్టు పైన అరగని భాగం 50.01. పిన్నుకు అడ్డంగా పైన 50.11, నడుమ 50.07, కింద 50.03. పిన్ను వెంబడి 50.07, 50.05, 50.02. అంటే పైకీ కిందికీ తేడా 0.08, పైభాగంలో కోలతనం 0.04.

ఇక్కడే బండి యజమాని బేరం మొదలవుతుంది. "అన్నా, బోరింగు ఎందుకు, రింగులు మార్చి ఇచ్చెయ్" అంటాడు. పై కొలతలతో రింగులు మాత్రమే వేస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం. పైన సగటు వ్యాసం 50.09, కింద 50.025. తేడా 0.065. వ్యాసం అంత మారితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు, అంటే 0.20 మి.మీ. మారుతుంది. రింగు పైకి వెళ్లినప్పుడల్లా దాని మూతి 0.20 తెరుచుకోవాలి, కిందికి వచ్చినప్పుడల్లా అంత మూసుకోవాలి. అదీ నిమిషానికి 5500 సార్లు. పోత ఇనుప రింగు ఆ పనిని ఎన్నాళ్లో చెయ్యలేదు. పైగా కొత్త రింగు పై అంచు పదునుగా ఉంటుంది. పాత రింగు అరుగుతూ గట్టుకు తగ్గ ఆకారం తెచ్చుకుంది, కొత్తది నేరుగా వెళ్లి ఆ గట్టును గుద్దుతుంది. రింగు విరగొచ్చు, పిస్టన్ గాడి అంచు పగలొచ్చు. అరుగుదల రెండు మూడు వందోవంతుల్లో ఉంటే రింగులతో సరిపెట్టుకోవచ్చు. ఈ ఉదాహరణలో ఆ దశ దాటిపోయింది.

0.25 ఎందుకు చాలదు

ఓవర్‌సైజు పిస్టన్లు ఇలాంటి బండ్లకు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో వస్తాయి. అంగుళాల కాలం నాటి ఇంజన్లకైతే థౌ లెక్క. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బోరు రెండుంముప్పాతిక మీద అరపాతిక అంగుళం, అంటే 73.025 మి.మీ. దాని పిస్టన్లు 10, 20, 30, 40 థౌల మెట్లలో దొరికేవి. ఒక థౌ 0.0254 మి.మీ. ఆటోనగర్ పాత మేస్త్రులు ఇప్పటికీ సందును థౌలలోనే చెబుతారు.

మన ఉదాహరణలో అతి పెద్ద కొలత 50.11. కాబట్టి 50.25 పిస్టన్ బాగా సరిపోతుందనిపిస్తుంది. కాగితం మీద 0.14 మిగులు కనబడుతోంది కదా! కానీ అరిగిన ఆ 0.10 రెండు పక్కలా సమానంగా పంచుకోలేదు. పిస్టన్‌ను తోసే పక్కే ఎక్కువ భాగం పోయింది. మొత్తం ఒక పక్కే పోయిందనుకుని చూడండి. బోరు కేంద్రం కదలకుండా ఆ పక్క మచ్చ పోవాలంటే, రెండో పక్క కూడా 0.10 కోయక తప్పదు. అంటే వ్యాసం 50.21 అయితే గాని గోడ శుభ్రపడదు. బోరింగు పనిముట్టు తుది సైజుకు 0.05 నుంచి 0.06 ముందే ఆగాలి, ఎందుకంటే మిగతాది గోడ మీద చివరి గీతలు పెట్టే హోనింగు రాయికి వదలాలి. 0.25 సైజుకు పనిముట్టు ఆగే చోటు దాదాపు 50.20. ఆ పాటికి ఒక పక్క పాత అరుగుదల మచ్చ ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే తెలిసిన పనివాడు తిన్నగా 0.50కి పోతాడు.

కేంద్రం సంగతి అందుకే ముఖ్యం. మిషను మీద బ్లాకును అరిగిన చోటు ఆధారంగా నిలబెడితే పనిముట్టు ఆ పక్కకే ఒరుగుతుంది, కొత్త బోరు క్రాంకు నుంచి పక్కకు తొలుగుతుంది. గట్టు పైన ఉన్న అరగని అంచునో, రింగులు చేరని కింది అంచునో పట్టుకుని నిలబెట్టాలి. బోరు కోసే పని రెండున్నర నిమిషాలది: కార్బైడ్ పనిముట్టు నిమిషానికి 400 చుట్లు తిరుగుతూ చుట్టుకు 0.08 మి.మీ. దిగితే 80 మి.మీ. పొడవు సిలిండరు అంతలో పూర్తవుతుంది. ఎక్కువ సమయం తినేది బ్లాకును నిలబెట్టడమే. ఆ పనికి తొందరపెట్టే గిరాకీ తన బండికే చెరుపు చేసుకుంటాడు.

కోసే పద్ధతిలో మూలసూత్రం రెండున్నర శతాబ్దాల నాటిది. జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి సరైన సిలిండరు చేసిపెట్టింది ఫిరంగులు తొలిచే ఇంగ్లండు ఇనుప వ్యాపారి జాన్ విల్కిన్సన్. 1776లో టిప్టన్ దగ్గర పెట్టిన యంత్రానికి అతను తొలిచిన సిలిండరు వ్యాసం 50 అంగుళాలు. అందులో ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయాడు. ఇవాళ 50 మిల్లీమీటర్ల బోరులో 0.01 తేడా వస్తే మనం పేచీ పెడతాం.

సైజు పెంచితే పవరు పెరుగుతుందన్న ఆశ కొందరికి. బోరు 50.5 అయితే 97.2 సీసీ 99.1 అవుతుంది. 1.00 వేసినా 101.1. రెండు నుంచి నాలుగు శాతం, అంతే. బోరు చేయించాక బండి గుర్రంలా పోతోందని సంబరపడేవారు నిజానికి చూస్తున్నది పోయిన కంప్రెషన్ తిరిగి రావడాన్ని.

పిస్టన్ చేతికి వచ్చాకే

బోరింగు పనిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టే నియమం ఇది: పిస్టన్ చేతిలో లేకుండా ఒక్క చుట్టు కూడా కోయకూడదు. డబ్బా మీద 0.50 ఉన్నంత మాత్రాన పిస్టన్ 50.50 కాదు. సందు కోసం తయారీలోనే కొంత తగ్గిస్తారు, ఒక కంపెనీ పిస్టన్‌కూ ఇంకో కంపెనీ దానికీ తేడా ఉంటుంది. పైగా పిస్టన్ గుండ్రంగా ఉండదు. తల దగ్గర చిన్నది, స్కర్టు కింద పెద్దది. పిన్ను వెంబడి సన్నం, దానికి అడ్డంగా వెడల్పు. వేడెక్కాక గుండ్రం కావడానికే అలా చేస్తారు. కొలవాల్సిన చోటు స్కర్టు కింది అంచుకు సుమారు 10 మి.మీ. పైన, పిన్నుకు అడ్డంగా. అక్కడ మైక్రోమీటరు 50.475 చూపిస్తే, 0.03 సందు కలిపి తుది బోరు 50.505. మిషను 50.445 దగ్గర ఆగాలి. మిగతా 0.06 హోనింగు వాటా.

ఈ సందు ఎంతుండాలన్నది లోహాలు చెప్పే మాట. పోత ఇనుప ఇంజను బుల్లెట్ 350 చూడండి: బోరు 70, స్ట్రోకు 90, 346 సీసీ. అల్యూమినియం పిస్టన్ స్కర్టు 100 డిగ్రీలు వేడెక్కితే 0.14 మి.మీ. పెరుగుతుంది. ఇనుప గోడ 80 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.06. తేడా 0.08. చల్లగా ఉన్నప్పుడు ఆ ఇంజనుకు మూడు నాలుగు థౌల సందు వదిలేది అందుకే. చూడ్డానికి బిగువుగా ఉండాలని రెండు థౌలు వదిలితే ఎండాకాలం హైవే మీద ఇంజను పట్టేస్తుంది. స్ప్లెండర్ లాంటి వాటిలో వ్యాసం చిన్నది, ఇనుప స్లీవ్ చుట్టూ అల్యూమినియం ఉండి వేడిని త్వరగా లాగేస్తుంది, తానూ పిస్టన్‌తో పాటు సాగుతుంది. కనుక మూడో వంతు సందుతోనే సరిపోతుంది. అసలు అంకె ఎప్పుడూ కిట్‌తో వచ్చే కాగితంలోనో, సర్వీసు పుస్తకంలోనో ఉన్నదే.

ఎండలు ఈ లెక్కలోనూ వేలు పెడతాయి. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. విజయవాడలో మే నెలలో షాపు లోపలే 42 ఉంటే, 50 మి.మీ. పిస్టన్ 0.022 పెరుగుతుంది, ఇనుప బోరు 0.012. సందులో 0.01, అంటే మనం వదిలే 0.03లో మూడో వంతు, కొలిచేటప్పుడే మాయమైనట్టు కనిపిస్తుంది. ఏసీ దుకాణంలోంచి అప్పుడే తెచ్చిన పిస్టన్‌నూ, షాపు ముందు ఎండలో పడి ఉన్న బ్లాకునూ కొలిచి సందు లెక్కగట్టడం శుద్ధ దండగ. రెండూ ఒకే నీడలో కొన్ని గంటలుండాలి. హోనింగు చేస్తుండగా కూడా రాపిడికి బ్లాకు వేడెక్కుతుంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నప్పుడు తీసిన కొలతను నమ్మకూడదు.

హోనింగు అంటే గోడను నున్నగా చేయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది లెక్క ప్రకారం గీతలు పెట్టడం. అద్దంలాంటి గోడ మీద నూనె నిలవదు. ఒకదాన్నొకటి దాటే సన్నని గీతలు నూనెను పట్టుకుని ఉంచుతాయి, కొత్త రింగు గోడకు తగ్గట్టు అరిగి కుదురుకోవడానికి సాయపడతాయి. గీతల మధ్య కోణం సుమారు 45 డిగ్రీలుండాలంటే రాయి తిరిగే వేగానికీ, కిందికీ పైకీ కదిలే వేగానికీ లంకె కుదరాలి. 50 మి.మీ. బోరులో రాయి నిమిషానికి 150 చుట్లు తిరుగుతుంటే గోడ మీద దాని వేగం 23.6 మీటర్లు. నిలువు వేగం అందులో 0.41 వంతు, అంటే 9.8 మీటర్లుండాలి. 80 మి.మీ. పొడవుకు నిమిషానికి 61 సార్లు దిగి లేవడం. చేతి డ్రిల్లుతో చేసే షాపులో చూస్తే పనివాడి చెయ్యి సెకనుకు ఒకసారి కిందికి పోయి పైకి రావాలి. బద్ధకంగా ఆడిస్తే గీతలు అడ్డంగా పడతాయి, రింగులు వాటి మీద గుర్‌మంటూ ఎగిరెగిరి పడతాయి. మరీ గబగబా ఆడిస్తే గీతలు నిలువుగా పడి నూనె కిందికి కారిపోతుంది. మామూలు బండ్లకు 180 నుంచి 220 నంబరు రాళ్లతో కోసి, ఇంకా సన్నపు రాయితో గీతల మొనలు తుంచితే చాలు.

ఆ తర్వాత కడగడం. పెట్రోలు చల్లి గాలి కొట్టి ఇచ్చేస్తారు, అక్కడే సగం పనులు చెడిపోతున్నాయి. రాతి పొడి గీతల్లో ఇరుక్కుంటుంది, పెట్రోలు దాన్ని తడుపుతుందే గాని పైకి లేపదు. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. కడిగి ఆరబెట్టి, ఇంజను ఆయిలు రాసి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిదరంగు మరక పడితే మళ్లీ కడగాలి. గుడ్డ తెల్లగా వచ్చేవరకూ ఇదే పని. ఆ బూడిద మరకలో ఉన్నది ఇనుప రజను, రాతి పొడి. దాన్ని లోపలే వదిలి బిగించడమంటే కొత్త రింగులకు మనమే సాన పట్టడం.

రింగు మూతి సందు చూడటానికి ఒక నిమిషం చాలు. పిస్టన్‌తో రింగును 15 మి.మీ. లోపలికి నెట్టి, ఫీలర్ గేజి రేకు పెట్టాలి. 25 మి.మీ. బోరుకు 0.10 అనే మోటు లెక్కన 50కి 0.20 మి.మీ. రింగు చుట్టుకొలత 157 మి.మీ., వంద డిగ్రీలు వేడెక్కితే 0.17 పెరుగుతుంది. సందు దానికన్నా తక్కువుంటే కొనలు రెండూ గుద్దుకుని రింగు గోడను చీరేస్తుంది.

అన్ని సిలిండర్లకూ ఈ బోరింగు యోగం లేదు. టాటా 697 లాంటి పెద్ద డీజిల్ ఇంజన్లలో, ఆరు సిలిండర్లు, బోరు 97, స్ట్రోకు 128 మి.మీ., ఒక్క సిలిండరు చెడితే ఆరూ పెద్దవి చేయడం ఖర్చు. అలాంటి చోట అరిగిన సిలిండరును ఇంకా పెద్దగా తొలిచి, రెండు మూడు థౌల బిగువుతో పోత ఇనుప స్లీవ్ దిగ్గొట్టి, మళ్లీ అసలు సైజుకు తేవచ్చు. 1.00 దాటిన మోటారు సైకిలు బ్లాకుకూ ఇదే దారి. బయటివైపు నీళ్లు తగులుతూ ఉండే లైనరైతే దాన్ని కోయరు, తీసి కొత్తది పెడతారు. ఇక యమహా ఆర్15లో సిలిండరు గోడ 20 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం, కేటీఎం డ్యూక్ 200లో నికెల్ పూత. వాటిలో ఇనుప స్లీవే లేదు. మిషను పెట్టారంటే ఆ గట్టి గోడ లేచిపోతుంది. ఆ బ్లాకులకు "పాయింటు ఫిఫ్టీ కొట్టేద్దాం" అనే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చుకోవడం మేలు.

బిగించాక తొలి గంట నడక రింగుల భవిష్యత్తును చాలావరకు తేల్చేస్తుంది. స్టాండు వేసి అరగంట ఊరికే తిప్పితే రింగు వెనక పీడనం ఉండదు, గీతల మొనలు తెగవు, గోడ మీద నూనె కాలి గాజులా అట్ట కడుతుంది. బండిని రోడ్డు మీదకు తీసి, మధ్యస్థ వేగంలో, యాక్సిలరేటరు కాస్త తిప్పుతూ, కాస్త వదులుతూ నడపాలి. మొదటి ఆయిలు 500 కిలోమీటర్లలోపే మార్చాలి. వెయ్యి దాటాక కూడా పొగ ఆగకపోతే మళ్లీ బోరింగు షాపు మీద పడకముందు కంప్రెషన్ గేజి పెట్టించండి. ఇంజను వేడిగా, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ఒకసారి కొలిచి అంకె రాసుకుని, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. అంకె గబుక్కున పెరిగితే లోపం రింగుల దగ్గరే. రెండుసార్లూ ఒకటే బాగా తక్కువ చూపితే గాలి పోయేది వాల్వుల దగ్గర. రెండుసార్లూ అంకె బాగానే ఉండి పొగ మాత్రం వస్తుంటే వాల్వు సీళ్లు చూడాలి. ఈ చివరి రెంటిలో ఏదైనా బ్లాకు జోలికి పోనక్కర్లేదు, హెడ్డు విప్పితే చాలు.